టెంటుకు ఫ్యాను కొనే ముందు గదికి థర్మామీటరు పెట్టండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మూడో అంతస్తు, పడమటి వైపు గది. అందులో నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న గ్రో టెంటు, అంటే దీపం వెలుగులో మొక్కలు పెంచే గుడ్డ డేరా. పైన 240 వాట్ల ఎల్ఈడీ దీపం. లోపల లెట్యూస్, ఇటాలియన్ తులసి, ఒక మూల మరువం. ఏప్రిల్ మొదటివారంలోనే లోపల 39 డిగ్రీలు చూపిస్తోంది. లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడుతున్నాయి, రెండు మొక్కలు కాడ సాగి పూతకు వచ్చేశాయి. వేడిగాలిని బయటకు తోయడానికి నాలుగంగుళాల ఫ్యాను తీసుకోవాలా, ఆరంగుళాలదా, దానికి కార్బన్ ఫిల్టర్, అంటే బొగ్గు వడపోత, తగిలించాలా అన్నది మీ సందేహం.

ఫ్యాను ఆరంగుళాలది తీసుకోండి. కార్బన్ ఫిల్టర్ అక్కర్లేదు. అయితే ఈ రెండు జవాబులూ మీ 39 డిగ్రీలను పెద్దగా దించవు. మీరు టెంటు కొలతలు, దీపం వాట్లు, ఫ్యాన్ల ధరలు అన్నీ రాశారు గానీ అసలు అంకె రాయలేదు. ఆ గదిలో ఎంత వేడి ఉంది?

నేను పాతికేళ్లుగా ఈ ఊళ్లో హోటళ్ల వంటగదులకు పొగగొట్టాలు, ఎగ్జాస్టు ఫ్యాన్లు అమర్చే పనిలో ఉన్నాను. మొక్కల పిచ్చి ఆ తర్వాత పట్టుకుంది. మా ఇంటి మిద్దె గదిలో మొదటి టెంటు పెట్టిన వేసవిలో నేనూ మీలాగే ఆలోచించాను. గాలి పని తెలిసినవాణ్ని కాబట్టి ఇంకాస్త గర్వంగా ఆలోచించాను. వేడి ఉందంటే ఫ్యాను చాలలేదని అర్థం కదా అని పెద్దది బిగించాను. ఒక డిగ్రీ తగ్గింది. రెండోది బిగించాను. అర డిగ్రీ తగ్గింది. చివరికి ఒక మధ్యాహ్నం టెంటులోని థర్మామీటరు తీసి, గాలి టెంటులోకి వెళ్లే కింది కిటికీ ముందు, నేలకు జానెడు ఎత్తున పెట్టాను. అక్కడే 37 ఉంది. లోపలికి వెళ్లే గాలే 37 అయితే ఏ ఫ్యాను లోపల 30 చేస్తుంది? ఫ్యాను గాలిని మారుస్తుంది గానీ చల్లబరచదు.

లెక్క కూడా చాలా చిన్నది. దీపం వాట్లను మూడుతో హెచ్చించండి. గదికన్నా టెంటు ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉన్నా ఫరవాలేదో ఆ అంకెతో భాగించండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. మీ 240ని మూడుతో హెచ్చిస్తే 720. మూడు డిగ్రీల తేడా చాలనుకుంటే గంటకు 240 ఘనపు మీటర్లు. ఫ్యాను పెట్టెల మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) లెక్కలో కావాలంటే 1.7తో భాగించండి, సుమారు 140. తేడాను ఒకటిన్నర డిగ్రీకి దించాలంటే గాలి రెట్టింపు కావాలి. ఆపైన ఎంత గాలి తోలినా తగ్గేది పాయింట్లలోనే. సున్నా తేడా ఎప్పటికీ రాదు.

ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే సూత్రం వేరు: టెంటులో గాలి మొత్తం నిమిషానికి ఒకసారి మారాలని. మీ టెంటు ఘనపరిమాణం సుమారు 100 ఘనపుటడుగులు కాబట్టి 100 సీఎఫ్ఎం చాలని వస్తుంది. ఆ గాలికి మీ దీపం వేడి నాలుగు డిగ్రీల పైచిలుకు తేడా తెస్తుంది. ఆ సూత్రం పుట్టిన దేశాల్లో గది 20, 22 డిగ్రీలు ఉంటుంది. నాలుగు కలిసినా మొక్కకు హాయిగానే ఉంటుంది. మన పడమటి గదిలో 36కి నాలుగు కలిస్తే లెట్యూస్ పని అయిపోయినట్టే. 27, 28 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి అది ఆకు పెంచడం మాని పూత గురించి ఆలోచిస్తుంది. మీ రెండు మొక్కలు చేసింది అదే, వాటి తప్పేమీ లేదు.

ఇంకో సంగతి. మీ గది తలుపు, కిటికీ మూసి ఉంటాయని రాశారు. 240 వాట్లంటే ఇద్దరు ముగ్గురు మనుషులు కదలకుండా పదహారు గంటలు ఆ గదిలో కూర్చున్నంత వేడి. టెంటు దాన్ని గదిలోకి ఊదుతుంది, మళ్లీ అదే గాలిని కింద నుంచి పీల్చుకుంటుంది. దీనికి తోడు పడమటి గోడ. ఒక పని చేయండి, ఈ రాత్రి తొమ్మిదింటికి ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. సాయంత్రం నాలుగింటికి తాగిన ఎండను అది అప్పటికీ కక్కుతూనే ఉంటుంది. శేషాచలం కొండరాళ్లూ ఇదే పని చేస్తాయి. అందుకే కపిలతీర్థం వైపు ఇళ్లలో వేసవి రాత్రి పదయినా గాలి చల్లబడదు.

కాబట్టి మొదట డబ్బు ఖర్చు లేని మార్పు. దీపాన్ని పగలు వెలిగించడం మానండి. టైమరును సాయంత్రం ఆరు నుంచి ఉదయం పది వరకు తిప్పండి. మొక్కకు వరసగా పదహారు గంటల వెలుగు, ఎనిమిది గంటల చీకటి అందితే చాలు, మన గడియారంతో దానికి పనిలేదు. మధ్యాహ్నం గది 37 ఉన్న గంటల్లో టెంటు చీకటిగా ఉంటుంది కాబట్టి దీపం వేడి ఆ 37 మీద కలవదు. తెల్లవారుజామున, గాలి అన్నిటికన్నా చల్లగా ఉన్నప్పుడు, దీపం నిండుగా వెలుగుతుంది. దీపాన్ని నూటికి అరవై వంతులకు తగ్గించండి కూడా. లెట్యూస్‌కు, తులసికి ఆ టెంటులో అది సరిపోతుంది. వేడీ ఆ మేరకే తగ్గుతుంది. పూర్తిగా వెలిగిస్తే నెలకు 115 యూనిట్లు కాలే దీపం 70 దగ్గర ఆగుతుంది.

రెండోది, వేడిగాలి ఎక్కడికి పోవాలన్నది. గదిలో ఏసీ లేకపోతే డక్టు (ఫ్యాను నుంచి గాలిని తీసుకుపోయే గొట్టం) మూతి తప్పనిసరిగా ఇంటి బయట ఉండాలి. కిటికీ అద్దం ఒకటి తీసి ఆ చోట ప్లైవుడ్ పలక బిగించి, దానికి గుండ్రంగా రంధ్రం కోయించండి. గదిలోకి వచ్చే గాలి పడమటి కిటికీ నుంచి కాకుండా హాలు వైపు నుంచి, వీలైతే ఉత్తరం నుంచి వచ్చేలా తలుపు కింద సందు వదలండి.

గదిలో ఏసీ ఉంటే మాత్రం ఇది పూర్తిగా తిరగబడుతుంది, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఏసీ గదిలోంచి గంటకు 225 ఘనపు మీటర్ల చల్లగాలిని బయటకు తోశారనుకోండి. అంతే గాలి తలుపు సందుల్లోంచి వీధి వేడితో లోపలికి వస్తుంది. 38 డిగ్రీల ఆ గాలిని 26కు దించడానికి ఏసీ దాదాపు 900 వాట్ల వేడిని లాగాలి. మీ దీపం ఇచ్చే వేడి 240. అంటే 240ని వదిలించుకోవడానికి 900ని ఇంట్లోకి పిలిచినట్టు. ఏసీ ఉన్న గదిలో టెంటు గాలిని గదిలోకే వదిలేయండి. ఒక టన్ను ఏసీ సామర్థ్యం సుమారు 3,500 వాట్లు, మీ దీపం అందులో నూటికి ఏడు వంతులు. మొక్కలు వదిలే తేమను కూడా అదే ఏసీ పిండి బయట పోస్తుంది.

ఏసీ లేదు, పెట్టే ఉద్దేశమూ లేదంటే మేలో లెట్యూస్ ఆశ వదులుకోండి. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా తులసి, మరువం మాత్రమే ఉంచుతాను. కర్తరి రోజుల్లో పాదరసం 42 దాటే ఊళ్లో మంచుదేశపు ఆకుకూరతో పోట్లాడటం నాకు ఇష్టం లేదు. పలమనేరులో ఉన్న మిత్రుడొకరు ఏసీ లేకుండానే లెట్యూస్ తీస్తున్నాడు, నిజమే. కానీ అది పీఠభూమి మీది ఊరు, అక్కడి రాత్రులు వేరు. ఆయన చూపించే ఫొటోలకు మీరు మోసపోకండి.

ఇప్పుడు ఫ్యాను. నాలుగంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ల (గొట్టం మధ్యలో బిగించేవి) మీద సాధారణంగా 200 సీఎఫ్ఎం అని, ఆరంగుళాల వాటి మీద 400 అని రాసి ఉంటుంది. అది ముందూ వెనకా ఏమీ తగిలించకుండా కొలిచిన అంకె. డక్టు, ఒక వంపు, దోమతెర లాంటి జాలీ పెట్టగానే మూడో వంతు పోయిందనుకోండి. నాలుగంగుళాలది మీకు నిజంగా ఇచ్చేది 130 చిల్లర, అదీ పూర్తి వేగంతో తిరిగితే. ఆరంగుళాలది సగం వేగంతోనే అంత గాలి ఇస్తుంది. సగం వేగంలో ఫ్యాను తాగే కరెంటు ఎనిమిదో వంతు దగ్గరకు పడిపోతుంది, చప్పుడు దాదాపు వినపడదు. రాత్రంతా తిరగబోయేది, పక్క గదిలో మీరు పడుకోబోయేది కాబట్టి ఈ తేడా మీకు మొదటి రాత్రే తెలుస్తుంది.

కొనేటప్పుడు ఈసీ మోటారా (లోపలే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్నది), మామూలు మోటారా అడగండి. ఈసీ మోటారు దాని సొంత కంట్రోలరుతోనే నడవాలి. దానికి గోడ మీది సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటరు తగిలిస్తే లోపలి సర్క్యూట్ పాడవుతుంది. మామూలు మోటారుకు రెగ్యులేటరు పెడితే తిరుగుతుంది గానీ తక్కువ వేగంలో తుమ్మెదలా జుయ్యిమంటుంది. ఇక వంటింటి గోడకు పెట్టే రెక్కల ఎగ్జాస్టు ఫ్యాను ఉంది కదా, అది వాడవచ్చా అని కొందరు అడుగుతారు. ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు అది బాగా తోస్తుంది. ఆరడుగుల గొట్టం తగిలించి చూడండి, రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, అవతలి మూతి దగ్గర కాగితం ముక్క కూడా కదలదు. హోటల్ వంటగదుల్లో ఈ తప్పును సరిదిద్దడమే నాకు చాలాకాలం సగం సంపాదన.

డక్టును అకార్డియన్‌లా ముడుచుకుని ఉండనివ్వకండి. పూర్తిగా సాగదీసి, మిగిలింది కోసేయండి. ముడతలు ఉన్న గొట్టంలో గాలి ప్రతి ముడతకూ తల కొట్టుకుంటుంది. వంపు ఒకటి తప్పదనుకుంటే గుండ్రంగా, నిదానంగా తిప్పండి. ఆరంగుళాల ఫ్యానుకు తగ్గింపు మూతి పెట్టి నాలుగంగుళాల గొట్టం తగిలించే తెలివి మాత్రం వద్దు.

గాలి లోపలికి వచ్చే దారి, బయటకు పోయే దారికన్నా కనీసం రెండింతల వైశాల్యం ఉండాలి. ఆరంగుళాల గుండ్రటి మూతి వైశాల్యం 28 చదరపు అంగుళాలు. టెంటు కింది జాలీ కిటికీలు రెండూ తెరిస్తే సరిపోతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు కొనక్కర్లేదు. ఫ్యాను వేసి, జిప్పులు మూసి, ఒక అగరుబత్తి వెలిగించండి. దాన్ని కింది కిటికీ ముందు పట్టుకుంటే పొగ దారంలా సాగి లోపలికి పోవాలి. తర్వాత జిప్పు కుట్ల వెంట, డక్టు అతుకుల వెంట నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా పొగ మీ ముఖం మీదికి తిరిగి రాకూడదు. టెంటు గోడలు లోపలికి కాస్త కుంగినట్టు కనిపిస్తే మంచిదే. కడుపు మాడినవాడిలా పూర్తిగా లోపలికి పోయి ఆకులకు తగులుతుంటే మాత్రం దారి చాలలేదు, ఇంకో కిటికీ తెరవండి.

లేత ఆకుల అంచులు మాడటం గురించి విడిగా చెప్పాలి. మీరు దాన్ని ఎండదెబ్బ అనుకుంటున్నారు. ఎండదెబ్బ అయితే దీపానికి దగ్గరగా ఉన్న పెద్ద ఆకులు ముందు మాడాలి. మీకు మాడింది గుండెలో ముడుచుకుని ఉన్న చిన్న ఆకులు. అది కాల్షియం అందకపోవడం. నీళ్లలో కాల్షియం ఉన్నా అది ఆవిరి వెంటే పైకి ఎక్కుతుంది. గాలి కదలని చోట, మడతల మధ్య, లేత ఆకు ఆవిరి వదలలేదు, కాబట్టి దాని వాటా కాల్షియం దానికి చేరదు. వేడికి, ఎక్కువ వెలుగుకి మొక్క తొందరగా పెరుగుతుంటే ఈ లోటు ఇంకా ముదురుతుంది. దీనికి ఎగ్జాస్టు ఫ్యాను సాయం చేయదు, లోపల ఒక చిన్న క్లిప్ ఫ్యాను కావాలి. దాన్ని మొక్క తల మీదుగా, కొంచెం కిందికి వంచి, ఆకులు వణికీ వణకనట్టు కదిలేంత వేగంలో పెట్టండి. ఆకులు రెపరెపలాడితే ఎక్కువైనట్టు. ఒకే మొక్క మీద రోజంతా కొట్టకుండా తిరిగేదైతే మరీ మంచిది. పాత ఆకులు కోలుకోవు, వారం తర్వాత వచ్చే కొత్త గుండె ఆకులను చూసి లెక్కించండి.

కార్బన్ ఫిల్టర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. అది చేసేది ఒక్కటే పని, వాసన తీయడం. కాల్చి రంధ్రాలు తేల్చిన బొగ్గు, ఎక్కువగా కొబ్బరి చిప్పల బొగ్గు, వాసన అణువులను తన ఒంటికి అంటించుకుంటుంది. వేడి తగ్గించదు, తేమ తగ్గించదు, బయటకు పోయే గాలికి పెడతారు కాబట్టి మొక్కకు పురుగు రాకుండానూ ఆపదు. మరి ప్రతి టెంటు సెట్టులోనూ అది ఎందుకుంటుందంటే, ఆ సెట్లూ వాటి చుట్టూ ఉన్న సలహాలూ చాలావరకు పరాయి దేశాల్లో గంజాయి పెంచేవాళ్ల కోసం తయారైనవి. వాళ్లకు వాసనతోనే తిప్పలు. మన దేశంలో అది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం, దాని సంగతి మనకు అనవసరం. మీకు కావలసిన విషయం ఏమిటంటే, వాళ్ల అవసరానికి రాసిన చీటీతో మీరు సరుకులు కొనబోతున్నారు. మరువం వాసన దాచుకోవాల్సిన ఇల్లు తిరుపతిలో ఉందంటే నేను నమ్మను.

అది పెట్టడం వల్ల నష్టమూ ఉంది. బొగ్గు పొర గుండా గాలి దూరాలంటే ఫ్యాను ఇంకా శ్రమపడాలి, మనం లెక్క వేసుకున్న గాలిలో మరో భాగం పోతుంది. పైగా గాలిలో తేమ 70 శాతం దాటితే బొగ్గు రంధ్రాల్లో నీరే చేరి వాసన పట్టే శక్తి తగ్గుతుంది. టెంటులో, అందునా నవంబరులో, 70 దాటని రోజు ఎన్ని?

మీకు నిజంగా అవసరమైన వడపోత గాలి లోపలికి వచ్చే వైపు. టెంటుతో వచ్చిన జాలీ దోమల్ని ఆపుతుంది, తెల్లదోమను ఆపదు. నర్సరీలకు నెట్ అమ్మే దుకాణంలో 50 మెష్ (అంగుళానికి 50 కన్నాల) పురుగుల వల అడిగి ఒక గజం తెచ్చుకోండి. దాన్ని కింది కిటికీ రంధ్రానికి బిగుతుగా అతికిస్తే గాలి సగం ఆగిపోతుంది. కిటికీ కన్నా మూడింతల పెద్ద సంచిలా కుట్టించి బయటి వైపు వదులుగా వేలాడదీయండి. పదిహేను రోజులకోసారి సబ్బునీళ్లలో జాడించండి. నేను మొదటిసారి విప్పి ఉతికినప్పుడు బకెట్టు నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఆ దుమ్ము లేకపోతే దీపం అద్దం మీదా, ఆకుల మీదా పేరుకునేది.

ఈ వల తెల్లదోమను చాలావరకు, పేనుబంకను దాదాపు పూర్తిగా ఆపుతుంది. తామరపురుగు సన్నం, దూరగలదు. అయినా నా అనుభవంలో పురుగులు గాలితో వచ్చినదానికన్నా నర్సరీ నుంచి తెచ్చిన నారుతో వచ్చినదే ఎక్కువ. మీ బాల్కనీలో మందార ఉందని రాశారు. దాని మీద తెల్లటి పిండినల్లి ఉంటే, అక్కడ చెయ్యి పెట్టి అదే చేత్తో టెంటు జిప్పు తీయకండి. కొత్త మొక్కను వారం పాటు వేరే గదిలో ఉంచి, ఆకు వెనక చూసి, తర్వాత లోపల పెట్టండి. లోపల ఒక పసుపు జిగురు అట్ట వేలాడదీస్తే ఎవరెవరు దూరుతున్నారో తెలుస్తుంది.

పుట్టగొడుగులు కూడా అదే టెంటులో ప్రయత్నిద్దామని చివర్లో ఒక మాట అన్నారు. దయచేసి ఒకే టెంటులో వద్దు. వాటికి కావలసిన 85, 90 శాతం తేమలో తులసికి బూజు పడుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు విచ్చుకున్నాక విడిచే బీజాలు గదంతా తెల్లటి పొడిలా చేరుతాయి, రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అక్కడ మాత్రం బయటకు పోయే గాలికి మంచి వడపోత కావాలి, అదీ బొగ్గుది కాదు, సన్నటి కణాలను పట్టేది. గాలిని ఇంట్లోకి కాక బయటకే వదలాలి.

నవంబరు సంగతి కూడా ఇప్పుడే చెప్పి ఉంచుతాను. మనకు ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తడుపుతుంది. అప్పుడు బయటి గాలే 90 శాతం తేమతో ఉంటుంది కాబట్టి ఎంత తోలినా టెంటు ఆరదు. ఆ రోజుల్లో కూడా దీపం రాత్రే వెలగనివ్వండి, కానీ కారణం వేరు. దీపం వేడికి లోపలి గాలి రెండు మూడు డిగ్రీలు పెరిగితే ఉన్న తేమ అంతే అయినా దాని శాతం తగ్గుతుంది, తెల్లవారుజామున ఆకుల మీద చెమ్మ పట్టదు. ఎగ్జాస్టును తక్కువ వేగంలో ఉంచి క్లిప్ ఫ్యానును మాత్రం ఆపకండి.

కరెంటు పోతే ఏమవుతుందో ఒకసారి కావాలనే స్విచ్చి తీసి చూడండి. దీపం ఒక లైను మీద, ఫ్యాను ఇంకో లైను మీద ఉంటే, ఫ్యాను లైను పోయి దీపం వెలుగుతూ ఉండే ప్రమాదం ఉంది. మూసిన టెంటులో అరగంట చాలు. రెండూ ఒకే ప్లగ్గు మీద ఉండాలి, లేదా ఫ్యాను ఒక్కటే ఇన్వర్టరు మీద ఉండాలి.

ముందు రెండు థర్మామీటర్లు తెచ్చి ఒకటి లోపల ఆకుల ఎత్తులో, దీపం వెలుగు నేరుగా పడకుండా చిన్న అట్టముక్క నీడలో, ఇంకోటి బయట కింది కిటికీ ముందు పెట్టండి. దీపం వేళలు మార్చాక మూడు రోజులు చూడండి. రెండింటికీ తేడా మూడు డిగ్రీల లోపే ఉంటే మీ గాలి పని బాగానే ఉంది, మిగతాది గది సంగతి. తేడా ఐదారు ఉంటే డక్టు వెంట అగరుబత్తి పట్టుకుని వెతకండి.

ఇంకొకటి, కిటికీ బయట డక్టు మూతికి అరంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించడం మరచిపోకండి. మూడో అంతస్తు కదా, పావురాలు ఉంటాయి. మా గొట్టంలో ఒక జత పుల్లలు పేర్చి రెండు గుడ్లు పెట్టింది. పిల్లలు ఎగిరిపోయేదాకా నెల రోజుల పైన మా ఇంట్లో ఆ ఫ్యాను వేయనివ్వలేదు.